పిల్లల ఉరుకుడు, పిల్లల చదువు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో రెండు గ్రామ సమాఖ్యల తరపున చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దటి నుంచి బ్యాంకు లింకేజీ లెక్క విన్నాం, స్త్రీనిధి బకాయిలు విన్నాం, బడి యూనిఫాంల కుట్టుకూలి లెక్క కూడా విన్నాం. మాకు ఇచ్చిన ఈ కాస్త సమయంలో పైసల లెక్క కాకుండా పిల్లల లెక్క చెప్తాం. మా రెండు ఊళ్లలో పోయిన ఏడాది హైస్కూలు గ్రౌండులో పొద్దుటిపూట పిల్లల పరుగు మొదలుపెట్టినం. అది ఎందుకు పెట్టినం, ఏం జరిగింది, ఏం కాలేదు, ఇప్పుడు మండలంలోని అన్ని వీవోలను ఏం అడుగుతున్నం అనేదే మా మాట.

మొదటి మీటింగులో ఈ సంగతి ఎత్తగానే ఒక అక్క లేచి, "మా పిల్ల పొద్దంతా ఉరుకుతనే ఉంటది. బోరింగు కాడికి ఉరుకుతది, దుకాణానికి ఉరుకుతది, బర్రె వెనక ఉరుకుతది. ఇంక గ్రౌండుల వేరే ఉరకాల్నా?" అన్నది. అందరం నవ్వినం. కానీ ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. మన పిల్లలు ఇతరుల పని కోసం రోజూ ఉరుకుతున్నరు. తమ కోసం ఉరికే గంట వాళ్లకు లేదు. ముఖ్యంగా ఆడపిల్లలకు లేదు.

బడి మానేసుడు ఒక్క రోజులో జరగదు. దసరా దాటి పత్తి చేతికొచ్చినంక బడి రిజిస్టరు తీసి చూడండి. మొదట సోమవారం ఒక్క గీత పడుతది. తర్వాత వారానికి రెండు, మూడు. సంక్రాంతి దాటేసరికి పిల్లకు లెక్కల పాఠం అర్థం కాదు. అర్థం కాని క్లాసులో కూసునుడు చిన్నతనం అనిపిస్తది. "నేను పోనమ్మా" అంటది. మనం "దానికి చదువు అబ్బలేదు" అంటం. చదువు అబ్బకపోవుడు కాదది, రోజులు తప్పిపోవుడు. కిస్తీ ఒక నెల తప్పితే రెండో నెల ఎంత బరువైతదో మనకు తెలుసు. పాఠం కూడా అంతే.

పరుగు ఇక్కడ ఎట్ల పనికొస్తదని మీరు అడుగుతరు. పరుగుకు చదువుకు ఏం సంబంధం అని మేమూ అడిగినం. తెలుసుకున్నది చెప్తాం.

మొదటిది ఒంటి సంగతి. 5 నుంచి 17 ఏండ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే పని, ఊపిరి వేగంగా ఆడే ఆట ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. నిలకడగా పరిగెత్తే పిల్లకు గుండె, ఊపిరితిత్తులు గట్టిపడతయి, రాత్రి నిద్ర మంచిగ పడుతది. పరిగెత్తిన తర్వాత కాసేపు మెదడు చురుగ్గా ఉంటది, పాఠం మీద ధ్యాస నిలుస్తది. అందుకే సాయంత్రం కంటే బడికి ముందు పొద్దుగాల అయితే మేలనుకున్నం.

రెండోది మనసు సంగతి. దూరం పరిగెత్తుడు వేరే ఆటల లెక్క కాదు. దీనికి పుట్టుకతో వచ్చే ఒడుపు కంటే రోజూ వచ్చుడు ముఖ్యం. ఇయ్యాల గ్రౌండు చుట్టూ ఒక్క చుట్టు, వచ్చే వారం రెండు, నెలకు అయిదు. నిరుడు కానిది ఈ ఏడు అయితదని పిల్ల తన కాళ్లతో తాను తెలుసుకుంటది. మొదట్నే జోరుగా ఉరికితే సగంలోనే రొప్పు వస్తది, మెల్లగా పట్టుకుంటే చివరిదాకా పోవచ్చు. ఇది పదో తరగతి లెక్కల పుస్తకానికీ పనికొచ్చే తెలివే.

మనకు ఇది కొత్త సంగతి కాదు అక్కలారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిండ్రు. ఆ ఉద్యమం వెనకాలే రోజుకు ఒక్క రూపాయి పొదుపు మొదలైంది. అప్పుడు రూపాయితో ఏమైతదని నవ్వినోళ్లు ఉన్నరు. రోజూ వేసుడులోనే బలం ఉందని వాళ్లు చూపెట్టిండ్రు. మన సంఘాల పంచసూత్రాలు కూడా అదే చెప్తయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, క్రమం తప్పని అప్పులు, క్రమం తప్పని చెల్లింపు, క్రమం తప్పని పుస్తకాలు. అయిదింటిలో ఉన్నది ఒక్కటే మాట: క్రమం తప్పకపోవుడు. మనం పొదుపుతో నేర్చిన దాన్ని మన పిల్లలు పరుగుతో నేర్చుకుంటరు.

పేద పిల్లలు ఇట్ల ముందుకు పోయిన సంగతులు మన రాష్ట్రంలోనే ఉన్నయి. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ మీకు తెలుసు. లంబాడా ఇంటి బిడ్డ, అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద ఎక్కుడు నేర్పిండ్రు, తర్వాత డార్జిలింగ్, లడఖ్ తీసుకపోయి శిక్షణ ఇచ్చిండ్రు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలేదు. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా పిల్లగాడు, తండ్రి సైకిల్ మెకానిక్. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022లో డెనాలీ శిఖరంతో ఏడు ఖండాల ఎత్తయిన కొండలన్నీ పూర్తి చేసింది. చదువూ వదల్లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మనం కొండనే చూస్తం. కొండ కింద ఉన్నది కూడా చూడాలె. ఆ పిల్లకు మూడు పూటల తిండి పెట్టిన హాస్టల్ ఉంది. పొద్దున లేపి గ్రౌండుకు తీసుకపోయిన టీచర్లు ఉన్నరు. "ఈ పిల్ల చెయ్యగలదు" అని నమ్మిన కోచ్ శేఖర్ బాబు, అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ లాంటి పెద్దలు ఉన్నరు. ఎవరెస్టు ఎక్కింది ఇద్దరే. కానీ తిండి, క్రమం, నమ్మకం, ఈ మూడూ ప్రతి ఊరి పిల్లకూ ఇవ్వొచ్చు. దానికి మంచుకొండ అక్కర్లేదు, ఊరి గ్రౌండు చాలు.

మహారాష్ట్ర నాసిక్ జిల్లా సావర్‌పాడ ఆదివాసీ ఊరి పిల్ల కవితా రౌత్‌ది కూడా అదే దారి. నీళ్ల కోసం దూరం నడిచిన పిల్ల దూరం పరుగులో నిలబడ్డది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది.

వేరే దేశంలో ఒక బడి సంగతి కూడా చెప్తాం. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలో పేదలు ఎక్కువగా ఉండే పేటలో, చదువులో వెనకబడ్డ పిల్లల బడిలో ఒక టీచరు ఉండె. 1987లో తన పిల్లలను మారథాన్ పరుగుకు తయారు చేసిండు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పైన. పిల్లలతో చెప్పి తాను ఒడ్డున నిలబడలేదు, వాళ్లతోని కలిసి తానూ ఉరికిండు. నెలల తరబడి సాధన చేయించిండు. తర్వాత వేరే బడుల టీచర్లు కూడా కలిసిండ్రు. స్టూడెంట్స్ రన్ ఎల్.ఎ. అనే పేరుతో అది పెద్ద కార్యక్రమం అయింది, వేలమంది పిల్లలు దాని నుంచి వచ్చిండ్రు. మాకు అందులో నచ్చింది దూరం కాదు. పిల్లల పక్కన ఒక పెద్ద మనిషి రోజూ ఉండుడు నచ్చింది.

ఇంక రెండో వైపు కూడా చెప్పకుంటే మేం సగమే చెప్పినట్టు. ఒడిశాలో బుధియా సింగ్ అని ఒక పిల్లగాడు. పేదవాడలో పుట్టిండు. 2006లో నాలుగేండ్ల వయసులో పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు ఉరికించిండ్రు. దేశమంతా చప్పట్లు కొట్టింది. డాక్టర్లు చూస్తే ఒంట్లో రక్తం తక్కువ, తిండి చాలలేదు, గుండె మీద భారం పడ్డదని తేలింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ దూరపు పరుగులు ఆపించింది. ఇక్కడ చేసింది కూడా పరుగే. తేడా ఏందంటే, పూర్ణ విషయంలో పిల్ల ముందుంది, పెద్దలు వెనక ఉన్నరు. బుధియా విషయంలో పెద్దల ప్రదర్శన ముందుకొచ్చింది. అందుకే మా ఊళ్లలో ఒక మాట పెట్టుకున్నం. పిల్లల పరుగు మీద పందేలు వద్దు, పైసల బహుమతులు వద్దు, ఫోన్లలో వీడియోల కోసం ఎవరి పిల్లనూ ఉరికించొద్దు.

ఇప్పుడు మేం చేసిన పద్ధతి చెప్తాం.

వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడు. ఎండకాలం అయితే ఇంకో అరగంట ముందు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వచ్చేటోళ్లు రావచ్చు. మొదటి నెల ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడుసుడు. పక్కన పిల్లతోని మాట్లాడుకుంటా ఉరకగలగాలె. మాట రాకుండ రొప్పితే జోరు ఎక్కువైందని అర్థం. దూరం వారానికి కొంచెం కొంచెమే పెంచినం. ఆదివారం చెరువుకట్ట మీద అందరూ కలిసి ఒక్క పొడుగు పరుగు. ముందు వచ్చినోళ్లు వెనకటోళ్ల కోసం ఆగాలె. చివర వచ్చిన పిల్లకు కూడా చప్పట్లు కొట్టాలె.

బడిలోని పీఈటీ సారు సాధన చూసుకున్నరు. మా వైపు నుంచి రోజూ ఇద్దరు తల్లులు వంతుల వారీగా గ్రౌండుకు పోయినం. ఆడపిల్లలను ఒంటరిగా పంపాలంటే తల్లులకు భయం ఉంటది, అది నిజమైన భయమే. గ్రౌండు దగ్గర మన సంఘం మనిషి ఉందని తెలిస్తే సగం ఇండ్ల తలుపులు తెరుచుకున్నయి. తల్లి గ్రౌండుకు వచ్చినంక ఊరకనే కూసుంటదా? మాలో కొందరు నడుసుడు మొదలుపెట్టిండ్రు. మోకాళ్ల నొప్పులు తగ్గినయని చెప్పేటోళ్లు కూడా ఇక్కడ కూసున్నరు, లేచి చెప్పమంటే సిగ్గుపడతరు.

పీఈటీ సారు ఒక నియమం పెట్టిండు: వారంలో రెండు రోజులు బడి ఎగ్గొట్టిన పిల్లకు ఆదివారం చెరువుకట్ట పరుగు లేదు. మొదట ఇది కటువుగ అనిపించింది. కానీ పిల్లలే ఇండ్లల్ల కొట్లాడిండ్రు. "ఇయ్యాల పత్తికి రాను, ఆదివారం నన్ను కట్ట మీదికి రానియ్యరు" అని. ఒక తొమ్మిదో తరగతి పిల్ల అన్న మాట మా రిజిస్టర్లో రాసుకున్నం: "బడికి పొమ్మంటే అమ్మ మాట. కట్ట మీదికి పోవుడు నా మాట."

అక్కలారా, కష్టం ఎక్కడ వచ్చిందో కూడా వినండి. బూట్ల దగ్గర రాలేదు. కాన్వాసు బూట్లు, కొలత సరిపోతే చాలు. వీవో సామాజిక నిధి నుంచి కొన్నం. బూట్ల కోసం ఏ ఇంటికీ అప్పు పెట్టలేదు. గ్రౌండు దగ్గర కూడా రాలేదు. 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మన వీవో అధ్యక్షురాలే అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. కాబట్టి గేటు తాళం, నీళ్ల కుళాయి, ఆడపిల్లల మరుగుదొడ్డి, ఈ మూడూ ఆ కమిటీలో మాట్లాడి చేయించుకున్నం.

కష్టం వచ్చింది పొద్దుటి పని దగ్గర. ఆరు గంటలకు మన ఇండ్లల్ల ఆడపిల్ల ఏం చేస్తది? వాకిలి ఊడుస్తది, సాన్పు చల్లుతది, అంట్లు తోముతది, నీళ్లు పట్టుతది, తమ్ముణ్ని లేపి తయారు చేస్తది. ఆ గంట గ్రౌండుకు పోతే ఆ పని ఎవరి మీద పడుతది? తల్లి మీదనే. తల్లి అప్పటికే పొయ్యి దగ్గర ఉంటది, ఏడింటికి కూలి ఆటో ఎక్కాలె. అందుకే తల్లి వద్దంటది. ఆమె పిల్లకు శత్రువు కాదు, ఆమెకూ గంట లేదు.

ఈ సంగతి మీద మా సంఘం సమావేశాల్లో మూడు వారాలు మాట్లాడినం. చివరికి ఒక్కటే దారి కనబడ్డది. ఇంట్లో ఉన్న మగపిల్లలు, మగవాళ్లు నీళ్లు పట్టాలె, అంట్లు తోమాలె. కొన్ని ఇండ్లల్ల ఒప్పుకున్నరు, కొన్ని ఇండ్లల్ల నవ్విండ్రు, కొన్ని ఇండ్లల్ల కొట్లాట అయింది. ఒక తండ్రి "బిందె ఎత్తితే నా ఇజ్జత్ పోతది" అన్నడు. ఆయన బిడ్డ మండల స్థాయి పరుగులో రెండోది వచ్చినంక అదే మనిషి బిందె పట్టుకొని బోరింగు కాడ అందరికీ ఆ సర్టిఫికెట్ సంగతి చెప్పిండు. అందరు తండ్రులూ అట్ల మారిండ్రని చెప్పం. కానీ పిల్లకు పొద్దుటి గంట ఇయ్యాల్నా వద్దా అనే ముచ్చట ఇప్పుడు మా ఊళ్లల్ల ఇండ్లల్ల జరుగుతున్నది. ఇంతకు ముందు అసలు జరగలేదు.

ఆరోగ్యం సంగతి తప్పకుండా వినండి. దేశంలో 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువున్న పిల్లకు పరుగులో కాళ్లు లాగుతయి, క్లాసులో నిద్రొస్తది. మనం దాన్ని బద్ధకం అంటం. అందుకే పరుగుకు ముందు ఏఎన్ఎంతో రక్తం చూపెట్టాలె. బడిలో వారానికి ఒకటి ఇచ్చే నీలి రంగు ఐరన్ గోలీ తిన్నదో లేదో తల్లి అడగాలె. పరగడుపున కాదు, బువ్వ తిన్నంక వేసుకోవాలె. వేసుకున్న వెంటనే చాయ్ తాగొద్దు, నిమ్మకాయో ఉసిరికాయో మంచిది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల గోలీ కూడా వదలొద్దు.

ఉత్త కడుపుతో ఏ పిల్లనూ ఉరికించొద్దు. ఒక అరటిపండో, గుప్పెడు నానబెట్టిన పల్లీలో చాలు. పరుగు అయినంక రాగి జావ, గుడ్డు, ఉడకబెట్టిన శనగలు, ఇంట్లో ఏది ఉంటే అది. గ్రౌండులో తాగునీళ్లు తప్పనిసరి. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడుడు, దమ్ము, సికిల్ సెల్ ఉన్న పిల్లలను ముందు పీహెచ్‌సీ డాక్టరుకు చూపెట్టాలె. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాన్ని కూడా అడగొచ్చు. నెలసరిలో పిల్లకు బాగుంటే ఉరకొచ్చు, బాగలేకుంటే కూసోవచ్చు. అది ఆ పిల్ల ఇష్టం, ఎవరూ అడగొద్దు, ఎవరూ ఆపొద్దు.

ఫలితం ఏందంటే, ఉన్నది ఉన్నట్టు చెప్తాం. పరిగెత్తిన ప్రతి పిల్లకూ మార్కులు పెరగలేదు. పరుగు లెక్కలు నేర్పదు, లెక్కలు టీచరే నేర్పాలె. కానీ పరుగుకు వచ్చిన పిల్లలు ప్రార్థన గంటకు ముందే బడిలో ఉన్నరు. పత్తి కాలంలో వాళ్ల పేర్ల ముందు గీతలు తక్కువ పడ్డయి. బడి మానేద్దామనుకున్న ఒక పదో తరగతి పిల్ల పాసై ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. ఇంకో పిల్ల మంచిగ ఉరికేది. సంక్రాంతి తర్వాత ఇంటిల్లిపాది ఇటుక బట్టీకి పోయిండ్రు, ఆమె పరుగూ చదువూ రెండూ ఆగినయి. ఇంట్లో బాకీ ఉన్నప్పుడు గ్రౌండు ఒక్కటే పిల్లను నిలబెట్టలేదు. అక్కడ మన సంఘం అప్పు కావాలె, కస్తూర్బా బడిలో సీటు కావాలె. పరుగు తెలియజేసేది ఏందంటే, ఏ పిల్ల ఏ రోజు రాలేదో మనకు అదే పొద్దున తెలుస్తది. రిజిస్టరు చూస్తే నెలకు తెలుస్తది. గ్రౌండులో ఆరు గంటలకే తెలుస్తది.

నాలుగో తరగతిలో చేరే పిల్లలున్న తల్లులకు ఒక మాట. హకీంపేట క్రీడా పాఠశాలకు నాలుగో తరగతిలోనే ప్రవేశం ఉంటది. మండలం, జిల్లా, రాష్ట్రం ఇట్ల మెట్టు మెట్టుగా ఎంపిక చేస్తరు. 800 మీటర్ల పరుగు అందులో ఒక పరీక్ష. ప్రకటన ఎప్పుడు వస్తదో బడిలో అడిగి ఉంచుకోండి. మన పిల్లలకు కాళ్లల్ల బలం ఉంది, కబురు అందకనే వెనకబడతరు.

చివరగా మండల సమాఖ్య ముందు మూడు తీర్మానాలు పెడుతున్నం.

ఒకటి, ప్రతి వీవో తన ఊరి బడిలో వారానికి మూడు నాలుగు రోజులన్నా పొద్దుటి పరుగు పెట్టించాలె, గ్రౌండు దగ్గర ఇద్దరు తల్లుల వంతు జాబితా వీవో గోడ మీద రాయాలె.

రెండు, ప్రతి సంఘం సమావేశంలో పొదుపు లెక్క తర్వాత ఒక్క ప్రశ్న అడగాలె: "ఈ వారం మన సభ్యుల ఇండ్లల్ల ఏ పిల్ల బడికి పోలేదు, ఎందుకు?" జవాబు మినిట్స్ పుస్తకంలో రాయాలె.

మూడు, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆడపిల్లకు ఇంటి పని చెప్పమని మన సభ్యులందరం ఒప్పుకోవాలె.

మొదటి రెండూ సులువు, మీరు వెంటనే చేతులు ఎత్తుతరు. మూడోదానికి చెయ్యి ఎత్తే ముందు ఒక్క నిమిషం ఇంటి సంగతి ఆలోచించుకోండి. రేపు పొద్దున నీళ్లు ఎవరు పడతరో మనసులో పేరు అనుకొని అప్పుడు ఎత్తండి. పేరు దొరక్కపోతే వచ్చే సంఘం మీటింగులో ఆ మాట పెట్టండి, మీ పక్కన కూసున్న అక్కలు మాట్లాడతరు. ఒక్క గంట అడుగుతున్నం. దాన్ని ఖర్చు ఖాతాలో రాయకండి, పిల్ల పేరు మీద పొదుపు ఖాతాలో రాయండి.